రెండడుగులు వేసిన ఐ

పిల్లలూ, గద్వాల చీర మీరు చూసే ఉంటారు. పాతకాలపు పద్ధతిలో నేసినదైతే ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసేచోట పోగుకు పోగు మెలివేయాలి గనక, ఒక్క చీరకు చాలా రోజులు పడుతుంది. అటువంటి చీర ఒకటి లెక్కలో తప్పిపోతే, అన్నాళ్ల కష్టమూ తప్పిపోయినట్టే.

మా అక్క కూతురు వనపర్తి పాలిటెక్నిక్‌లో చదువుతున్నది. (అది ఒకప్పటి సంస్థానాధీశుల రాజభవనం. అటువంటి చోట చదివే భాగ్యం మాకు కలగలేదు.) ఆ అమ్మాయి సెలవులకు గద్వాల వచ్చి, పక్కింట్లో మగ్గం నేసే తాత కోసం జావా భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. జావా 1995లో లోకంలోకి వచ్చింది. దానితో ఎంతెంతో పెద్ద పనులు చేయిస్తున్నారు. ఎనిమిది చీరల కూలి కూడడం దానికొక లెక్కా? కాని అది చెప్పిన మొత్తం విని అవ్వ, "ఇదేంది బిడ్డా! ఎనిమిది చీరలు నేస్తిమి. ఇవి నాలుగు చీరల పైసలే గద!" అన్నది. ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకున్నది. తెల్లవారితే తాత ఆ కాగితం షావుకారుకు చూపించాలి.

యంత్రం తప్పు చేసిందంటారా? లేదు, చెప్పినట్టే చేసింది.

ఒకే పనిని పదేపదే చేయించడానికి జావాలో "ఫర్" అనే చుట్టు ఉన్నది. ఎన్నవ చుట్టు నడుస్తున్నదో చెప్పే లెక్కగుర్తు పేరు "ఐ". జావా సున్న నుంచి లెక్కపెడుతుంది గనక, ఎనిమిది చీరలకు ఐ సున్న మొదలు ఏడు దాకా నడవాలి. చుట్టు పూర్తయినప్పుడల్లా "ఐ++" అనే మాట దాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతుంది.

మా అమ్మాయి ప్రతి చుట్టు మొదట్లోనూ ఐ విలువను తెరమీద చూపించమన్నది. 0, 2, 4, 6 అని పడింది, అంతే!

"మామా, దీన్ని ఇంకెవరో కూడా జరుపుతున్నారు" అన్నది.

ఐ ఎక్కడెక్కడ ఉన్నదో వెతికితే, కూలి కలిపే వరసలో "కూలి[ఐ++]" అని దొరికింది. అంటే, ఈ చీర కూలి తీసుకుని ఐని జరుపు అని. ఆ తరువాత ఫర్ కూడా తన వంతుగా జరుపుతుంది! తలుపు దగ్గర ఇద్దరు కూర్చుని, చీర బయటికి పోయినప్పుడల్లా చెరొక గీత గీశారనుకోండి. నాలుగు చీరలు పోయేసరికి గోడమీద ఎనిమిది గీతలు ఉంటాయి. "అయిపోయినవి" అని తలుపు మూసేస్తారు.

లోపలి రెండు ప్లస్సులు తీసేయగానే లెక్క కుదిరింది. అయినా అమ్మాయి ఊరుకోలేదు. ఎనిమిది చీరలకూ తలా ఒక రూపాయి కూలి పెట్టి చూసింది. ఎనిమిది రూపాయలు వచ్చిన తరువాతనే కాగితం తాత చేతికిచ్చింది. 2004 నుంచి జావాలో లెక్కగుర్తే అక్కరలేకుండా, "ప్రతి చీరకూ ఈ పని చెయ్యి" అని చెప్పే ఏర్పాటు కూడా ఉన్నది. ఇటువంటి పనికి నాకు అదే నచ్చుతుంది.

ఇప్పుడు మీకొక చిక్కు. "ఐ = ఐ++" అని రాస్తే ఐ ఎంత జరుగుతుంది? అసలు జరగదు! జావా ముందు ఐ పాత విలువను పక్కన పెట్టుకుంటుంది, తరువాత ఐని జరుపుతుంది, ఆఖరున ఆ పాత విలువనే మళ్లీ ఐలో పెడుతుంది. ఫర్ చుట్టును నడిపేచోట ఈ మాట రాశారంటే, అది సున్న దగ్గరే నిలబడి, మీరు ఆపేదాకా మొదటి చీర కూలినే కూడుతూ ఉంటుంది.