పానగల్ పార్కులో ఒక మధ్యాహ్నం

మద్రాసు వెళ్లినవాళ్లు బీచి చూస్తారు, స్టూడియోలు చూస్తారు. నేను ఓ బెంచీ చూసొచ్చాను. నవ్వకండి, చెప్తాను!

2018లో అక్క పెళ్లి చీరల కోసం త్యాగరాయనగర్ వెళ్లాం. ఆడవాళ్లు పట్టుచీరల కొట్లో కూర్చున్నాక గంటలో తేలే పనా? మెల్లిగా జారుకుని, రోడ్డు దాటి పానగల్ పార్కులో దూరాను. బయట బస్సుల హారన్లు, జనం తోపులాట. లోపల చెట్ల నీడ, పేపరు చదువుకునే తాతగార్లు, సంచులు తలకింద పెట్టుకుని కునుకు తీసే బేరగాళ్లు. ఎందుకొచ్చావని అడిగేవాడు లేడు.

విగ్రహం చూసి ఎవరో తమిళ నాయకుడనుకున్నా. కాదు, మనవాడే! 1866లో కాళహస్తిలో పుట్టిన పానగంటి రామారాయణింగారు, అంటే పానగల్ రాజా. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రథమ మంత్రి. ఆ రోజుల్లోనే మాంబళం దగ్గర చెరువు భూమిలో ఈ పేట వేశారు. పేటకి త్యాగరాయ చెట్టిగారి పేరు పెట్టారు, పార్కుకి ఈయన పేరు పెట్టారు.

ఇక అసలు సంగతి. 1940లలో ఓ కుర్రాడు పాడే అవకాశం కోసం మద్రాసు వచ్చాడు. విజయనగరంలో మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చినవాడు. సముద్రాల రాఘవాచార్యగారు ఆదరించారు గానీ, వారిదే చిన్న ఇల్లు. వారిని ఇబ్బంది పెట్టలేక పగలంతా తిరిగి, రాత్రి ఈ పార్కులో పడుకునేవాడట. ఆయనే ఘంటసాల! 1951లో 'పాతాళభైరవి' పాటలు ఊరూరా మోగాయి. తర్వాత ఆయన కాపురమున్నదీ పక్కనున్న ఉస్మాన్ రోడ్డులోనే.

ఆయన ఎక్కడ పడుకున్నారో ఎవరు చెప్తారు? ఓ బెంచీ ఎంచుకుని కాసేపు కూర్చున్నా. ఆయన్ని అప్పుడు ఆదుకున్న పెద్దమనుషుల్లో ఈ పార్కూ ఒకటి కదా అనిపించింది. పేరైనా అడగలేదు.

ఇప్పుడు మెట్రో రైలు స్టేషనుకీ పానగల్ పార్కు పేరే ఖాయం చేశారు. సంతోషమే. కానీ సినిమా పిచ్చితో సంచి పుచ్చుకుని బయల్దేరే మన కుర్రాళ్లు ఇప్పుడు దిగేది హైదరాబాదు కృష్ణానగర్‌లో. అద్దె కట్టలేని రాత్రి వాళ్లకి ఏ పార్కు గేటు తెరిచి ఉంటుంది?

"ఎక్కడికి పోయావురా?" అంది అక్క.

"ఘంటసాలగారి ఇంటికి," అన్నా.