రెండు సముద్రాల నడుమ మా కినత్తుకడవు

కోయంబత్తూరు నుంచి పొల్లాచి వెళ్ళే దారిలో, సుమారు సగం దూరంలో వస్తుంది మా కినత్తుకడవు. తమిళంలో కిణఱు అంటే బావి, కడవు అంటే రేవు. చుట్టూ కొబ్బరి తోటలు, టమాటా తోటలు. ఊరిని ఆనుకొని పొన్మలై, ఆ గుట్ట మీద వేలాయుధస్వామి కోవెల. తరతరాల కిందట ఇటు వచ్చి స్థిరపడిన మా బోటి వాళ్ళకు బయట తమిళం, ఇంట్లో తెలుగు. సముద్రం మాత్రం మాకు చాలా దూరం. అలా అనుకొనే ఇన్నాళ్ళూ బ్రతికాను.

మొన్న మా అబ్బాయి పెళ్ళికి పిలవడానికి మా మేనత్త ఇంటికి వెళ్ళాము. ఎనభై దాటిన మనిషి. మాటల మధ్యలో లేచి వెళ్ళి, ఒక పసుపు సంచి తెచ్చి మా శ్రీమతి చేతిలో పెట్టింది. 1995లో మా పెళ్ళికి వచ్చిన వారికి తాంబూలం పెట్టి ఇచ్చిన గుడ్డసంచి! మా ఇద్దరి పేర్లు సగం చెరిగినా ఇంకా చదవవచ్చు.

"ముప్పై ఏండ్లుగా సంతకు దీన్నే తీసుకుపోతున్నానప్పా. నీ కూతురి పెళ్ళిలో ఇచ్చిన సంచి ఇల్లు చేరేలోపే తెగిపోయింది" అన్నది.

నేను తల వంచుకోవలసి వచ్చింది. మా అమ్మాయి పెళ్ళి 2018 సెప్టెంబరులో. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను 2019 జనవరి 1 నుంచి నిషేధిస్తామని తమిళనాడు ప్రభుత్వం ఆ జూన్‌లోనే ప్రకటించింది. పేపర్లో చదివాను కూడా. 'పెళ్ళి అయ్యాక కదా' అనుకొని తాంబూలానికి ప్లాస్టిక్ సంచులు, మంచినీళ్ళకు ప్లాస్టిక్ గ్లాసులు తెప్పించాను. మర్నాడు చూస్తే అవన్నీ మంటపం వెనుక పల్లంలో కుప్పగా పడి ఉన్నాయి. మా వైపు వాగును పల్లం అంటాము. ఐప్పసి నెల వానలకు అది పొంగి, కుప్పంతా కొట్టుకుపోయింది. 'పోనీ, శుభ్రమైంది' అనుకున్నాను!

బ్యాంకులో ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి. ఒక ఖాతాలో తీసినది మరో ఖాతాలో పడి తీరుతుందని నాకు ఒకరు చెప్పాలా? మా ఊరికి ఉత్తరాన పారే నొయ్యల్ తూర్పుగా పోయి కావేరిలో కలుస్తుంది. ఆ కావేరి పూంపుహార్ దగ్గర బంగాళాఖాతం చేరుతుంది. దక్షిణాన పారే ఆళియారు పడమరగా కేరళకు పోయి, భారతప్పుళలో కలిసి, పొన్నాని దగ్గర అరేబియా సముద్రం చేరుతుంది. మేము పారేసినది చెరువులో చిక్కుకుంటే చెరువుకు చేటు. చిక్కకుండా పోతే, రెండు సముద్రాలలో ఏదో ఒకదానికి చేటు.

కిందటేడు పొన్నాని వెళ్ళినప్పుడు ఒక ముసలి జాలరి వలలోంచి ప్లాస్టిక్ కవర్లు ఏరి పక్కన వేస్తూ కనిపించాడు. ఎవరూరివో ఆ కవర్లు! అతని ముఖం చూడడానికి నాకు మొహం చెల్లలేదు.

2010వ సంవత్సరం ఒక్కదానిలోనే 48 లక్షల నుంచి 1 కోటి 27 లక్షల టన్నుల ప్లాస్టిక్ చెత్త భూమి మీది నుంచి సముద్రాలలో చేరిందని 2015లో పరిశోధకులు లెక్క కట్టారు. అది కుళ్ళదు. ఎండకూ అలలకూ చితికి నలుసులవుతుంది. నలుసులను చేపలు మింగుతాయి. తేలే సంచులను జెల్లీ చేపలనుకొని తాబేళ్ళు మింగుతాయి.

2021 డిసెంబరులో ప్రభుత్వం మళ్ళీ పసుపు సంచి వాడమని ఉద్యమం మొదలుపెట్టింది. మా అత్త అప్పటికే ఇరవై ఆరేళ్ళుగా వాడుతోంది!

మా అబ్బాయి పెళ్ళికి గుడ్డసంచులు కుట్టించాము, స్టీలు గ్లాసులు అద్దెకు మాట్లాడాము. కడగడానికి ఇద్దరు మనుషులు అదనం. ఖర్చు ఎక్కువే, కాదనను. అయితే ఈసారి ఆ ఖర్చు నా ఖాతాలోనే పడుతుంది, పొన్నాని జాలరి ఖాతాలో కాదు. మీ ఇంట శుభకార్యం తలపెట్టినప్పుడు మీరూ ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.