గ్రాండ్ కాన్యన్ అంచున బావగారి పాలసీ

లాస్ వేగస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు దాదాపు 280 మైళ్లు. పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకి చేరిపోతామని మా అబ్బాయి లెక్క. బండిలో ఆరుగురం: వాడు, కోడలు, మేమిద్దరం, మా వియ్యంకుడు, వియ్యపురాలు. మాది రాజమండ్రి, వాళ్లది తెనాలి. పిల్లల్ని చూడ్డానికి డాలస్ వచ్చి, రెండు కుటుంబాలూ కలిసి కట్టిన ప్రయాణం ఇది. వెనక సీట్లో పులిహోర డబ్బా, దాని పక్కనే మందుల సంచీ. మా వయసులో ఆ సంచీ లేకుండా ఊరి పొలిమేర కూడా దాటం.

దారిలో హూవర్ డ్యామ్ దగ్గర ఆగాం. 726 అడుగుల ఎత్తు, 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో కట్టింది. బావగారు ఇరిగేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. "మన సాగర్ రాతి కట్టడం బావగారూ, ఇది కాంక్రీటు. దేని గొప్ప దానిదే" అంటూ ఎడారి ఎండలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచేశారు. వద్దన్నా వినలేదు.

కింగ్‌మన్ దాటాక రోడ్డుకి ఇరువైపులా ఎర్రమట్టి, పొదలు తప్ప ఏమీ లేవు. కబుర్లు ఇన్సూరెన్స్ మీదికి మళ్లాయి.

"మాది బేసిక్ పాలసీయేనండీ. యాభై వేల డాలర్లు. అయినా మనం జబ్బు పడటానికి వచ్చామా ఏంటి!" అన్నారు బావగారు.

ఆడిట్ ఆఫీసులో జీవితం గడిపినవాణ్ణి, కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. ఆయన ఫోన్ తీసుకుని పాలసీ తెరిచాను. మొదటి పేజీలో యాభై వేలు పెద్దక్షరాల్లో ఉంది. అసలు సంగతంతా లోపలి పట్టికలో ఉంది. ఎమర్జెన్సీ గదికి ఇంత, డాక్టరు ఒకసారి చూస్తే ఇంత, స్కానింగుకి ఇంత, ఆసుపత్రిలో పడుకుంటే రోజుకి ఇంత. అన్నీ వందల్లోనే. అమెరికాలో ఎమర్జెన్సీ బిల్లు వేలల్లో ఉంటుంది, ఆపరేషన్ దాకా వెళితే లక్ష కూడా దాటొచ్చు. పట్టికలో రాసినంత వాళ్లిస్తారు, మిగతాది మనం కట్టుకోవాలి. అలా చూస్తే ఆ యాభై వేలు చేతికి అందేది దాదాపు ఉండదు.

రెండో మెలిక ఇంకా పెద్దది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకి వర్తించదు. బావగారికి బీపీ, షుగరు ఉన్నాయి, గుండెలో ఒక స్టెంటు ఉంది. డెబ్బై దాటిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే చాలాసార్లు ఆ మూడింటిలో ఏదో ఒకటి కారణమవుతుంది. సరిగ్గా వాటినే తీసేసి మిగతా వాటికి ఇస్తామంటున్నారు.

యూరప్‌కి షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. కెనడా వాళ్లు తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసాకి లక్ష కెనడా డాలర్ల పాలసీ అడుగుతారు. అమెరికా విజిటర్ వీసాకి అలాంటి నిబంధనేదీ లేదు. అడిగేవాళ్లు లేరు కనుక, ఏజెంటు ముందుగా చూపించిన చవక పాలసీకి తలూపి విమానం ఎక్కేస్తాం.

మా ఇద్దరికీ అబ్బాయి తీసుకున్నది కాంప్రిహెన్సివ్ రకం. మొదటి 250 డాలర్లు మనం కట్టుకోవాలి. ఆ తర్వాత 5,000 దాకా బిల్లులో 80 శాతం, అది దాటితే పాలసీ హద్దు వరకు మొత్తం వాళ్లే కడతారు. పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే, 24 గంటల్లోపు వైద్యానికి వెళితే, దానికీ వర్తిస్తుంది. మెల్లగా ముదిరిన దానికి మాత్రం ఇవ్వరు. ఇలాంటి పాలసీల్లో డెబ్బై దాటితే హద్దు తగ్గిపోతుంది, ఎనభై దాటితే మరీ కుదించేస్తారు. ప్రీమియం బేసిక్ కంటే రెండు మూడు రెట్లు ఉంటుంది.

"చాల్లే నాన్నా, అదిగో ఎంట్రన్స్" అన్నాడు అబ్బాయి.

మేథర్ పాయింట్ దగ్గర రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తే మాట పడిపోయింది. మైలు లోతు. ఎరుపు, ఊదా, గోధుమరంగు పొరలు ఒకదాని కింద ఒకటి. అడుగున ఎక్కడో కొలరాడో నది, కళ్లు చికిలించి వెతికితే తప్ప కనబడని సన్నటి గీత. "ఇంత కోత కొయ్యడానికి ఆ నీళ్లకి ఎన్ని లక్షల ఏళ్లు పట్టిందో" అన్నారు బావగారు. అంచు వెంబడి ఇంకొంచెం నడుద్దామన్నారు.

అక్కడ ఎత్తు 7,000 అడుగులు. గాలి పల్చగా, పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు గానీ ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పావుగంట నడిచామో లేదో, బావగారు ఆగిపోయి రాతిగోడ మీద చెయ్యి ఆనించారు. చల్లటి గాలి కొడుతుంటే ఆయన నుదుటి మీద చెమట చుక్కలు కట్టింది. "ఏం లేదు, గ్యాసు" అన్నారు. వదినగారు ఆ మాట నమ్మలేదు. ఆయన చొక్కా పైగుండీలు విప్పి, మా కోడల్ని కేకేశారు.

పార్కు రేంజర్లు వచ్చారు. ఛాతీ మీద తెల్లటి స్టిక్కర్లు అంటించి ఈసీజీ తీశారు, ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. నొప్పి ఎన్నింటికి మొదలైందో అడిగి రాసుకున్నారు. ఆసుపత్రికి వెళ్లాలన్నారు. బావగారు మాస్కు కొంచెం పక్కకి జరిపి అడిగిన మొదటి మాట: "అమ్మాయ్, అంబులెన్సుకి ఎంతవుతుందో కనుక్కో."

కోడలు ఏడుస్తూనే కసిరింది.

ఆసుపత్రి 80 మైళ్ల దూరంలో ఉంది. పైన్ చెట్ల మధ్య అంబులెన్సు ముందు, మా బండి వెనక. ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలని అమెరికాలో 1986 నుంచి చట్టం ఉంది. అందుకే కౌంటర్ దగ్గర పాలసీ కాగితం కోసం ఎవరూ ఆపలేదు. అయితే ఆ చట్టం బిల్లు వెయ్యొద్దని చెప్పదు.

దేవుడి దయ, గుండెపోటు కాదని తేలింది. ఎండదెబ్బ, ఎత్తు, నీళ్లు తాగకపోవడం కలిసి చేసిన పని. రాత్రి ఉంచుకుని పొద్దున పంపించారు.

డాలస్ చేరాక ఉత్తరాలు మొదలయ్యాయి. ఆసుపత్రి బిల్లు వేరు, డాక్టరుది వేరు, అంబులెన్సుది వేరు. ఇన్సూరెన్సు వాళ్లు తెనాలి డాక్టరు రాసిన పాత చీటీలన్నీ పంపమన్నారు. స్టెంటు ఉందని చూశాక కొన్ని కొట్టేశారు, మిగిలినవాటికి పట్టిక ప్రకారం ఇచ్చారు. వచ్చింది ఒక మూలకి కూడా చాలలేదు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు కట్టలేనివాళ్ల కోసం ఆర్థిక సహాయ విధానం పెట్టుకోవాలని అక్కడి పన్ను చట్టంలో ఉంది. మా అబ్బాయి ఐటమ్‌వారీ బిల్లు తెప్పించి, దరఖాస్తు పెట్టి, కొంత తగ్గించుకుని, మిగతాది వాయిదాల్లో కడుతున్నాడు.

పెద్దవాళ్లకి బేసిక్ పాలసీ చాలదు. చిన్న జ్వరానికి, బెణికిన కాలికి అర్జెంట్ కేర్ క్లినిక్‌కి వెళితే అయ్యే ఖర్చుకి అది పనికొస్తుందేమో. మనం భయపడే జబ్బుకి మాత్రం పనికిరాదు. కొనేముందు చూడాల్సింది మొదటి పేజీలో అంకె కాదు. బిల్లులో శాతం ఇస్తారా, పట్టిక ప్రకారం ఇస్తారా? పాత జబ్బు తిరగబెడితే ఎంతవరకు, ఏ వయసు వరకు ఇస్తారు? ఆసుపత్రికి వాళ్లే నేరుగా కడతారా? చెప్పుకోవడానికి మనసొప్పదు గానీ, జరగరానిది జరిగితే మనిషిని ఇంటికి చేర్చే ఖర్చు అందులో ఉందా? ఇవి రాతపూర్వకంగా తేలాలి.

పై ఏడు మళ్లీ వెళదామంటున్నారు బావగారు. ఈసారి ఆయనే ఏజెంటుకి మెయిలు పెట్టారు: "నా స్టెంటుకి ఇస్తారా, ఇవ్వరా? రాసి పంపండి." వచ్చి మాట్లాడతానని ఏజెంటు రెండుసార్లు ఫోను చేశాడట. మాటలొద్దు, కాగితం కావాలన్నారట ఈయన. అది వచ్చేదాకా టికెట్లు కొనరట.