మ్యాంగోలో ఎన్ని మాటలున్నాయో!

ఇంగ్లీషు అనగానే మనలో చాలామందికి గుండె దడ. నేనూ తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివినదాన్నే. ఆ దడ పోగొట్టిన ఆట ఒకటి చెబుతాను, వినండి.

మా నూజివీడులో వేసవి వస్తే ఇంటినిండా మామిడికాయలే కదా! అందుకే మ్యాంగో మాటతోనే మొదలుపెట్టాం. ఎమ్, ఏ, ఎన్, జి, ఓ అని ఐదు చీటీలు రాసి, మా అమ్మాయీ నేనూ అటూ ఇటూ జరిపాం. మ్యాన్, గో, నో, ఆన్ దొరికాయి. ఐదూ కలిపితే 'నడుమ' అనే అర్థంలో అమాంగ్ కూడా వస్తుందని పట్టుకున్నది నేనే సుమండీ!

దీనికో కిటుకుంది. మన గుణింతంలో అచ్చు హల్లుకి అంటుకుపోతుంది. ఇంగ్లీషులో ఏ, ఇ, ఐ, ఓ, యు విడిగా నిలబడతాయి. వాటిని ఓ పక్కన పెట్టి, మిగతా అక్షరాలు ముందూ వెనకా వేసి చూడండి. జంటగా వచ్చేవాటిని విడదీయకండి. పికిల్‌లో సి, కె కలిపి చివర పెడితే పిక్, లిక్ వచ్చేస్తాయి.

స్క్రాబుల్ ఆట కూడా ఇలాంటిదే. 1930లలో ఉద్యోగం పోయిన అమెరికా ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్, పత్రికల్లో ఒక్కో అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి మరీ తయారుచేశాడు. 100 బిళ్లల్లో ఇ అక్షరానివి 12, క్యూ, జెడ్ ఒక్కొక్కటే. మనం ఆవకాయలో కారం, ఆవపిండి పాళ్లు చూసుకున్నట్టే!

మనకి బిళ్లలెందుకు? పాత క్యాలెండరు, కత్తెర చాలు. దీంతో ఇంగ్లీషు గడగడా వచ్చేస్తుందనను. కానీ డిక్షనరీ తెరవడానికి బెరుకు పోయింది. "అమ్మకి ఇంగ్లీషు రాదు" అనే పిల్ల ఇప్పుడు "అమ్మా, ఈ మాట ఉందా?" అని నన్నే అడుగుతోంది. అంతకన్నా ఏం కావాలి చెప్పండి?