గోళ్ళ రంగు చాటున

వైద్యవృత్తిలో నేను కొత్తగా కుదురుకుంటున్న రోజులవి. పెళ్ళయి నెల తిరగని ఒక యువతి ఆయాసమంటూ వచ్చింది. గోళ్ళకు, పెదవులకు ముదురు ఎరుపు రంగు. నాడి చూసి, గుండె విని, అలసటేనని నిశ్చయించుకొని బలానికి మాత్రలు రాసి పంపాను. పది రోజులకు స్పృహ లేని స్థితిలో తీసుకువచ్చారు. కంటి కింది రెప్ప దించి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. రంగు తుడిపిస్తే గోళ్ళు చెంచాల్లా గుంటలు పడి ఉన్నాయి. ఇనుము లోపం వల్ల కలిగిన తీవ్ర రక్తహీనత అది. రక్తం ఎక్కించాక కోలుకుంది. తప్పు రంగుది కాదు, రెప్ప దించి చూడని నాది.

ఆ రంగు చరిత్ర ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలం అప్పుడే కలిగింది. ప్రాచీన చైనాలో తేనెమైనం, గుడ్డు తెల్లసొన, పూలరంగులు కలిపి గోళ్ళకు పూసేవారట. ఈజిప్టువారు గోరింటాకు వాడారు. మనకూ ఆషాఢంలో గోరింటాకు ఆనవాయితీయే. గోరింటాకు గోటిలోని కెరటిన్‌ను పట్టుకొని పండుతుంది. నేటి రంగు గోటిపై పొరగా నిలుస్తుంది.

ఆ పొరకు ఆధారం నైట్రోసెల్యులోజ్. తుపాకిమందుకూ, కార్లకు వేసే రంగుకూ పనికివచ్చిన పదార్థమే ఇది. అమెరికాలో 1932లో రెవ్లాన్ సంస్థ పారదర్శకమైన అద్దకాలకు బదులు చిక్కని వర్ణకాలతో గోళ్ళరంగు తెచ్చింది. గోరు పూర్తిగా కప్పబడింది. అందం పెరిగింది, వైద్యునికి ఒక కిటికీ మూసుకుంది.

ఈ రంగు పడనివారికి దద్దురు తరచుగా వేళ్ళకు కాక కనురెప్పలకు, మెడకు వస్తుంది. చేతులు తాకే సున్నితమైన చోట్లు అవే కదా! రంగు తుడిచే అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. దాన్ని పొయ్యి దగ్గర వాడరాదు. నలుపు, నీలం వంటి ముదురు రంగులు వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు లెక్కను కొంత తప్పించవచ్చు. అందుకే శస్త్రచికిత్సకు ముందు తుడుచుకోమంటారు.

రంగు వేసుకోవద్దని నేననను. వైద్యుని వద్దకు వెళ్ళేనాడు మాత్రం గోళ్ళను సహజంగా ఉంచండి. నడుమ నడుమ రంగు తీసి మీరూ ఒకసారి చూసుకోండి. పాలిపోయినా, గుంటలు పడినా, కొత్తగా నల్లని చార కనిపించినా ఉపేక్షించకండి. ఆనాటి నుండి నేను మాత్రం ఎవరు వచ్చినా ముందు కనురెప్ప దించి చూడడం మానలేదు.