కంబమువంటి కాక్టసు

ఇంటిముంగిట ముండ్లమొక్క తగదని పెద్దలందురు. ఆ మాటను మేము కాదనము. కాని ఏ ముండ్లమొక్క, ఏల తగదు అని విచారింపక అన్నిటిని ఒక్కగాట కట్టుటయు న్యాయము కాదు. మన చేలగట్లమీద కంచెగా నిలుచు బొంతజెముడు ఒకటి; దక్షిణ అమెరికానుండి వచ్చి మన తొట్లలో కంబమువలె నిటారుగా నెదుగుచున్న సెరియస్ అను కాక్టసు మరియొకటి. చూపునకు తోబుట్టువులవలె నుండును గాని వీనికి చుట్టరికము లేదు.

సోదరీమణులు మొదట నెరుగవలసినది ఈ భేదమే. జెముడును గిల్లినచో తెల్లని పాలు కారును. ఈ తెగలోనిదైన స్నుహికి అమరసింహుడు సమంతదుగ్ధ యని పేరు చెప్పెను; ఒడలెల్ల పాలుగలదని యర్థము. ఆ పాలు చర్మమును పొక్కించును, కంటబడినచో చూపునకే ముప్పు. పసిబిడ్డలు తిరుగాడు చోట దానిని నాటరాదు. పొరపాటున పాలు కంట పడినచో చాలసేపు మంచినీటితో కడిగి వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. చనుబాలు పిండుదము, ఆముదము వేయుదము అని కాలయాపన చేయరాదు. సెరియసును కోసినచో పాలు రావు, నీరువంటి జిగట మాత్రమే యుండును. దాని ముండ్లు చిన్నచిన్న నూగుదిండ్లనుండి గుంపులుగా మొలచును. జెముడునకు అట్టి దిండ్లు లేవు, ముండ్లు జంటలుగా నుండును. ఏదైనను ముల్లు ముల్లే కనుక పిల్లల చేతి కందకుండ నుంచుటయే మేలు.

లాటిను భాషలో సెరియస్ అనగా మైనపువత్తి. ఈ వత్తికి ఎండవలన చేటు తక్కువ, చెంబువలన ఎక్కువ. తులసికి వలెనే దీనికిని ప్రతి యుదయమున నీరు పోయు ఇల్లాండ్రను చూచితిమి. కొలదికాలములోనే మొదలు మెత్తబడి, గోధుమవన్నె తిరిగి, మొక్క కూలును. ఇది పగలు రంధ్రములు మూసికొని రాత్రి చల్లబడిన పిమ్మట గాలి పీల్చు మొక్క. దీని యొంటినుండి నీరు ఆవిరియగుట బహుస్వల్పము. లోపల నిల్వ యుండగా పైన పోసినది వేళ్లు కుళ్లుటకే. వేసవిలో మన్ను అడుగుదాక ఎండిన పిదప నిండుగా పోసి, మిగులు నీటిని తొట్టి రంధ్రమునుండి పోనీయవలెను. శీతకాలమున నెలకొకసారి చాలును. వానలు పట్టినప్పుడు చూరుక్రిందికి చేర్చవలెను. మట్టిలో సగము ముతక ఇసుక కలుపవలెను. మట్టితొట్టియే మేలు, పింగాణి తొట్టి అందమునకే. నీడనున్న మొక్కను ఒక్కసారిగా మండుటెండకు మార్చినచో కమిలి మచ్చలు పడును. దూదివంటి తెల్లపురుగు పట్టినచో స్పిరిటు తడిపిన గుడ్డతో తుడువవలెను.

మొదలు కుళ్లినను ఆశ వదలనక్కరలేదు. కోతలో మచ్చయే కానరానంత పైకి, శుభ్రమైన కత్తితో కోసి, ఆ ముక్కను నీడలో పదిదినములు ఆరనీయవలెను; లావైనదైనచో మూడువారములు. గాయము తోలుకట్టిన పిమ్మట పొడి ఇసుకలో నిలిపి, వేళ్లు పట్టువరకు నీటిజోలికి పోరాదు. ఈ కొన్ని దినములు ఓర్వలేక వెంటనే నాటువారే హెచ్చు.

కొన్ని సంవత్సరములు గడచి మొక్క పెద్దదైనచో, వేసవి రాత్రులందు జానెడు తెల్లని పువ్వు విచ్చును. మొగ్గ ఉబ్బి కొన తెల్లబడిన సాయంకాలముననే ఇరుగుపొరుగువారిని పిలువుడు. తెల్లవారి ఎండ తగులగానే అది వాడిపోవును.