ఎముకల పేర్లు – శరీరమున దిక్కులు

సుశ్రుతుడు మానవశరీరమునందు 300 ఎముకలను లెక్కించెను. నేటి శాస్త్రము వయోజనులకు 206 అనుచున్నది. ఆయన దంతములను, తరుణాస్థులను గూడ ఎముకలలో చేర్చుట ఈ భేదమునకు ఒక ముఖ్యకారణము. పేరు పెట్టుటకు ముందు హద్దు నిర్ణయింపవలయునని దీనివలన తెలియుచున్నది.

వాడుక తెలుగులో 'కాలు' తుంటి మొదలు వ్రేళ్ళవరకును వ్యాపించును. శాస్త్రమునకు అది చాలదు. కావుననే మోకాటిచిప్పకు దిగువనున్న జంటయెముకలకు అంతర్జంఘిక, బహిర్జంఘిక అను పేర్లు కలిగినవి. లోపలిది, వెలుపలిది అను దిక్కు ఆ పేర్లలోనే యిమిడియున్నది. ముంజేతియందు ఇట్టి పేర్లు నిలుకడగా నుండవు. అరచేతిని బోర్లించినచో రత్ని అరత్నిపై అడ్డముగా వచ్చును. అందుచేత నిటారుగా నిలిచి, ఎదుటికి చూచుచు, అరచేతులను ముందునకు త్రిప్పిన మానవుడే దిక్కులన్నిటికిని ప్రమాణమైనాడు.

సేద్యగాని నోట 'దాపల', 'వలపల' అనునవి ఎడమ, కుడి యెడ్ల తావులు. అతడు ఎడ్ల వెనుక నిలుచును గాన అతని కుడియు వాని కుడియు నొక్కటియే. వైద్యుడు రోగి కెదురుగా నిలుచును; అచట రెండును తారుమారగును. శాస్త్రము రోగి కుడినే కుడి యన్నది. ఈ నియమమును మరచినచో కత్తి మంచి కాలిపై పడును. కావున పరిభాష కల్పించువాడు, తన పదము ఎవరివైపునుండి చూచుచున్నదో మొదట తేల్చుకొనవలయును.